మన్ను, మసి, మోదుగ పూలతో బొమ్మలు: పాలమూరు, నల్లగొండ దిక్కు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేచురల్ రంగులతోని బొమ్మలెయ్యాలంటె ఫస్ట్ ఏం కొనాలె?

ఏం కొనకండి. ఒక సంచి, నాలుగు పాత డబ్బాలు పట్టుకొని మీ చేను కాడికి పోండి చాలు. చాలామంది బీట్‌రూట్‌తోని, పూల రసంతోని మొదలుపెడ్తరు, ఎందుకంటె ఆ రంగు కండ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తది, కానీ కొన్ని రోజులకే పాలిపోతది, అప్పుడు సహజ రంగులంటె ఇంతేనా అని మనసు ఇరిగిపోయి మల్ల పోస్టర్ కలర్ డబ్బాలకే పోతరు. మన్ను అట్ల కాదు. మన్నుల ఉన్న ఎరుపు ఇనుము తుప్పు రంగు, అది ఎప్పుడో పట్టాల్సిన తుప్పు పట్టేసింది, ఎండ దాన్ని కొత్తగ చేసేదేం లేదు. భూపాలపల్లి దిక్కు పాండవుల గుట్టల రాతి మీద వేల ఏండ్ల కింద ఏసిన బొమ్మలు ఇంకా ఎర్రగ కనిపిస్తున్నయంటె కారణం అదే. అందుకే నేను ఎవరు అడిగినా ఒకటే చెప్త, ముందు మన్ను, మసి, బంక ఈ మూడు చేతికి అలవాటు చేస్కోండి, పూలు తర్వాత.

మన దగ్గర మన్నుల ఏమేం రంగులు దొరుకుతయి?

మస్తు దొరుకుతయి. చల్క భూముల ఎర్రమన్ను తెలిసిందే, కానీ ఒకే ఎరుపు కాదు, ఒక ఊరి చల్క ఇటుక రంగుల ఉంటె ఇంకో ఊరిది నారింజ దిక్కు పోతది, పక్కపక్క చేన్లల్ల గూడ తేడా ఉంటది, మూడు నాలుగు డబ్బాల్ల ఏసి పక్కపక్కన పెట్టి చూస్తె తెలుస్తది. బాయి గానీ ఇంటి పునాది గానీ తవ్వుతుంటె పోయి నిలబడండి, పైన ఎర్రగ ఉన్నా లోపలికి పోయిన కొద్దీ పసుపు పొరలు, లేత గులాబీ మొరం బయటపడ్తయి. రేగడి మన్ను బూడిద రంగు కలిసిన గోధుమ రంగు ఇస్తది, కానీ అది తడిస్తె ఉబ్బుతది ఎండితె బీటలు వారుతది, చేన్ల ఎట్ల పగుల్తదో కాగితం మీద గూడ అట్లనే పగుల్తది, కాబట్టి పల్చగ పొర మీద పొర వెయ్యాలె. చెరువు పూడిక మట్టి మెత్తగ ఉంటది, బూడిద రంగుకు మంచిది. చౌడు మన్ను మాత్రం ముట్టుకోకండి, అందులో ఉప్పులుంటయి, బొమ్మ ఆరినంక తెల్లగ పొంగుకొస్తయి.

ఇంటి గోడలకు పూసే జాజు కిరాణం షాపుల్ల దొరుకుతది, అది గూడ ఎర్రమన్నే, కాకపోతే ఇప్పుడు కొన్ని చోట్ల రంగు కలిపి అమ్ముతున్నరు, నీళ్లల్ల ఏస్తె నీళ్లే ఎర్రగ అయిపోయి ఎంతసేపటికీ తేటపడకపోతే అనుమానించాలె.

మన్నుని పెయింట్ ఎట్ల చేస్తరు? నేను నీళ్లల్ల కలిపి ఏస్తె గరగరలాడుతున్నది.

గరగర అంటుందంటె ఇసుక పోలేదని అర్థం. మన్నుని ఎండబెట్టి, గడ్డలు పగలగొట్టి, జల్లెడ పట్టి ఒక బకెట్ల ఏసి నిండ నీళ్లు పోసి బాగ కలపండి. కలిపి ఒక నిమిషం లోపల, అంటె ఇసుక అడుగుకు దిగంగనే, పైన ఎర్రగ ఉన్న నీళ్లను ఇంకో గిన్నెలకు ఒంపుకోండి, అడుగున మిగిలిన ఇసుక పారబోయండి. ఆ రెండో గిన్నెని మల్ల కలిపి మల్ల ఒంపండి. ఇట్ల రెండు మూడు సార్లు చేసినంక ఆఖరి గిన్నెని కదపకుండ రాత్రంత వదిలిపెడితె పొద్దుగాలకు పైన తేట నీళ్లు, కింద వెన్న లెక్క మెత్తటి మన్ను. తేట నీళ్లు మెల్లగ తీసేసి, ఆ అడుగుది పల్లెంల పోసి నీడల ఆరబెట్టండి. రెండు వేళ్ల మధ్యల నలిపి చూస్తె ఏం తగలొద్దు, చర్మం గీతలల్లకు రంగు దిగిపోవాలె, అప్పుడు అది పెయింట్‌కు తయారైనట్టు. ఆరిన బిళ్లని సన్నికల్లు మీద బంక నీళ్లు పోస్కుంట నూరాలె, ఎంత నూరితె అంత మంచిది, ఈ పనిల తొందరపడితె ఇగ బొమ్మ మొత్తం గరుకుగనే వస్తది.

ఇంకో విషయం, పసుపు మన్నుని పెంక మీద ఏసి పొయ్యి మీద బాగ కాలిస్తె ఎర్రగ మారుతది. పసుపు రంగుకు కారణమైన ఇనుప ఖనిజంల నీరు బంధించి ఉంటది, దగ్గర దగ్గర 250 నుంచి 300 డిగ్రీల వేడికి ఆ నీరు పోయి ఎరుపు ఖనిజం అయితది. కాలుస్తున్నప్పుడు మధ్యమధ్యల చెంచెడు తీసి పక్కన పెట్టుకోండి, ఒకే మన్ను నుంచి పసుపు, నారింజ, ఇటుక ఎరుపు, ముదురు ఎరుపు అన్నీ వస్తయి. పొయ్యి ముందల నిలబడి ఆ రంగు మారుడు చూడాలె, నాకు ఈ పని మొత్తంల అన్నింటికంటె ఇష్టమైంది అదే.

బంక ఏది వాడాలె? ఫెవికాల్ కలపొచ్చా?

ఫెవికాల్ పని చేస్తది గని అది ప్లాస్టిక్ జిగురు, ఇంత కష్టపడి మన్ను వడబోసి దాంట్ల ప్లాస్టిక్ కలుపుడు ఎందుకు? తుమ్మ బంక ఉంది కదా. తుమ్మ చెట్టు మొద్దు మీద పగుళ్లల్ల ముద్దలు ముద్దలుగ కారి గట్టిపడి ఉంటది, తేనె రంగుది ఏరుకోండి, నల్లగ ఉన్నదాంట్ల బెరడు కలిసి ఉంటది. ఒక వంతు బంకకు రెండు వంతుల నీళ్లు పోసి రాత్రంత నానబెట్టి పల్చటి గుడ్డల వడకట్టండి. ఆరినంక వేలు రాస్తె రంగు అంటుకుంటుందంటె బంక తక్కువైంది, బొమ్మ మెరుస్తూ పెచ్చులూడుతుందంటె ఎక్కువైంది. రెండు చుక్కల తేనె కలిపితె పగుళ్లు తగ్గుతయి.

రెండోది చింతగింజల జిగురు. గింజలు వేయించి పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, నీళ్లల్ల ఉడకబెడితె చిక్కటి అంబలి అయితది. మన దిక్కు కుర్మోళ్లు గొంగడి నేసేటప్పుడు ఉన్ని దారానికి పెట్టే గంజి ఇదే. గుడ్డ మీద కథల బొమ్మలేసే చేర్యాల నకాషీ కళాకారులు గుడ్డని తయారుచేసేదాంట్ల గూడ ఇది పడ్తది. గుడ్డ మీద ఏసేటోళ్లకు తుమ్మ బంక కంటె ఇదే నయం, కానీ రెండు రోజుల్ల పులిసి వాసన వస్తది, ఏ రోజుకా రోజు చేస్కోవాలె.

నల్ల రంగు?

రెండు నలుపులున్నయి, రెండూ చెప్త.

ఒకటి మసి. ఆముదం దీపం ముట్టించి దాని మీద ఇత్తడి పళ్లెం గానీ మట్టి మూకుడు గానీ బోర్లిస్తె నల్లటి మసి పడ్తది, కాటుక పట్టినట్టే. పాలమూరు, నల్లగొండ రెండు దిక్కులా ఆముదం పంట పాతదే కాబట్టి నూనె కోసం తిరగాల్సిన పని ఉండదు. ఈ మసి నీళ్లల్ల కలవదు, పైన తేల్తది, అందుకని ముందుగాల కుంకుడు నురగ ఒక చెంచ ఏసి ముద్ద చేసి, తర్వాత బంక నీళ్లతో నూరాలె. ఈ నలుపుకు ఎండ భయం లేదు.

రెండోది తుమ్మకాయ నలుపు. ఎండాకాలం తుమ్మకాయలు చెట్ల కింద రాలి ఉంటయి, గొర్లు తినంగ మిగిలినయి తెచ్చి నీళ్లల్ల గంటసేపు ఉడకబెడితె గోధుమ రంగు వగరు నీళ్లు వస్తయి. ఇంకో డబ్బాల తుప్పు పట్టిన మేకులు, బెల్లం నీళ్లు కలిపి మూత వదులుగ పెట్టి ఒక రెండు మూడు వారాలు పులవనియ్యండి, కలంకారీ వాళ్లు నల్ల గీతకు చేసేది గూడ ఈ ఇనుప నీళ్లే. ఈ రెండు కలిసిన కాడ నలుపు పుడ్తది. ఏసేటప్పుడు పల్చగ బూడిద రంగుల ఉంటది, గాలి తగిలిన కొద్దీ ముదురుతది, కాబట్టి ఇంకా నల్లగ రాలేదని మీది మీది నుంచి దిద్దకండి, జర ఆగండి. ఒక్క లోపం ఏందంటె ఇది కాగితాన్ని ఏండ్ల మీద మెల్లగ తింటది, దాచుకునే బొమ్మలకు మసే నయం.

పసుపు కొమ్ముతో ఏసిన రంగు పోతుంది, ఏం చెయ్యాలె?

పోతది. పసుపుల రంగునిచ్చే పదార్థం ఎండకు తట్టుకోదు, పటిక కలిపినా పెద్ద తేడా రాదు. పైగ సున్నం తగిలితె ఎర్రగ అయితది, పారాణి చేసేది అట్లనే కదా. నిలిచే పసుపు కావాలంటె పసుపు మన్ను వాడండి, లేదంటె దానిమ్మ తొక్కలు, బంతిపూలు ఉడకబెట్టి పటిక ఏసి చూడండి. బతుకమ్మ, దసరా అయిపోయినంక ఎన్ని బంతిపూలు వాడిపోయి పారేస్తరో లెక్కలేదు, ఇంటింటికి తిరిగి అడిగి తెచ్చుకొని నీడల ఎండబెట్టి సంచుల కట్టి పెట్టుకుంటె ఏడాదంత వస్తయి.

మోదుగ పూల సంగతేంది?

హోళీ ముందల చెట్లన్నీ ఎర్రగ పూస్తయి కదా, రాలిన పూలు ఏరుకొచ్చి ఉడకబెడితె నారింజ పసుపు రంగు వస్తది. చిటికెడు సున్నం తేట ఏస్తె నారింజ ముదురుతది, పటిక ఏస్తె పసుపు దిక్కు పోతది. రంగు చాన మంచిగుంటది, కానీ ఎండకు నిలవదు, అందుకని నోట్‌బుక్కుల లోపల, కార్డుల మీద వాడుకోండి, గోడకు తగిలించే బొమ్మకు వద్దు. చెట్టు మీది పూలు తెంపకండి, కింద పడ్డయే సరిపోతయి.

నీలం, ఆకుపచ్చ ఎట్ల వస్తయి?

నీలం కష్టమే. నిలిచే నీలం అంటె నీలి మొక్క నుంచి తీసిన నీలిమందు ఒక్కటే, అది కొనుక్కోవాల్సిందే. కొనేటప్పుడు జర జాగ్రత్త, గోరింటాకు పొడితో పాటు జుట్టుకు అమ్మేది ఆకు పొడి, అందుల రంగు ఇంకా బయటికి తీయలేదు, బట్టలకు పెట్టే నీలం చుక్కల సీసా అయితె దీనికి సంబంధమే లేదు. గట్టి ముదురు నీలం బిళ్లలుగనో పొడిగనో ఉండేది అడగండి, గోటితో గీరితె రాగి రంగుల మెరవాలె.

ఆకుల్ని నూరి ఆకుపచ్చ ఎయ్యాలని పిల్లలు ఉత్సాహపడ్తరు, ఏసిన రోజు బాగుంటది, కొన్ని రోజులకే గోధుమ రంగు అయిపోతది. నీలిమందుల పసుపు మన్ను కలపండి, అప్పుడు నిలిచే ఆకుపచ్చ వస్తది, మన గుట్టల మీద వాన పడ్డంక కనిపించే ముదురు పచ్చదనానికి అది సరిగ్గ సరిపోతది.

ఒకే పువ్వు, ఒకే లెక్క, మా ఊర్ల ఒక రంగు మా అత్తగారి ఊర్ల ఒక రంగు వస్తుంది, ఎందుకు?

నీళ్లు. శంఖుపువ్వు, మందారం లాంటి పూల రంగు పులుపుకు ఒక తీరుగ, క్షారానికి ఒక తీరుగ మారుతది. శంఖుపువ్వు నీళ్లు నీలంగ ఉంటయి, నిమ్మరసం చుక్క ఏస్తె ఊదా దిక్కు పోతయి, వంట సోడా ఏస్తె ఆకుపచ్చ దిక్కు పోతయి. మన దిక్కు చాన ఊర్ల బోరు నీళ్లల్ల ఉప్పులు, క్షారం ఎక్కువ, ఫ్లోరైడ్ సంగతి నల్లగొండోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. అందుకని పూల రంగులకు వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేదంటె నల్లా నీళ్లు వాడండి. మన్ను రంగులకు అయితె బోరు నీళ్లతో వడగట్టినా ఆఖరిసారి వాన నీళ్లతో కడగండి, ఉప్పు పోతది.

పూల రసాన్ని మన్ను లెక్క పొడి చేసి దాచుకోవచ్చా?

చేస్కోవచ్చు, అది చేస్తుంటె చూడ్డానికి మస్తుంటది. లీటరు చిక్కటి బంతిపూల నీళ్లు వడకట్టి వేడిగ ఉన్నప్పుడు 20 గ్రాముల పటిక కరిగించండి. ఇంకో గ్లాసుల 10 గ్రాముల చాకలి సోడా వేడి నీళ్లల్ల కరిగించి కొంచెం కొంచెం పోయండి, ఒక్కసారి పోస్తె బుస్సున పొంగుతది, అందుకే గిన్నె పెద్దది తీస్కోవాలె. పొంగు తగ్గినంక చూస్తె నీళ్లల్ల మెత్తటి ముక్కలు ముక్కలుగ గడ్డకట్టి రంగుని పట్టుకొని కిందికి దిగుతుంటయి. రాత్రంత వదిలేసి, పైనీళ్లు తీసేసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, గుడ్డల వడకట్టి ఆరబెడితె పసుపు పొడి తయారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండ ఉండలేను. ఫ్లోరైడ్ నీళ్లను శుభ్రం చేయడానికి నాగ్‌పూర్‌ల ఉన్న నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు. అందుల గూడ పటిక, సున్నం ఏస్తరు, నీళ్లల్ల ఇట్లాంటి మెత్తటి గడ్డలే పుట్టి ఫ్లోరైడ్‌ని పట్టుకొని అడుగుకు దిగుతయి. మన నీళ్ల బాధకు పుట్టిన పద్ధతి, మనం పూల రంగు పట్టుకునే పద్ధతి, లోపల రెండూ ఒకటే. సైన్స్ టీచర్లు ఎవరన్న చదువుతుంటె ఈ రెండింటినీ ఒకే పీరియడ్‌ల చూపెట్టండి, పిల్లలకు జీవితాంతం యాదుంటది.

ఈ బంతిపూల పొడి పూల రసం కంటె నయంగ నిలుస్తది, కానీ మన్ను అంత కాదు.

కుంచె గూడ సొంతంగ చేస్కోవచ్చా?

ఈత కమ్మ ఈనెని బెత్తెడు కోసి ఒక కొసని నీళ్లల్ల నానబెట్టి రాయితో మెల్లగ నలగ్గొడితె పీచు విచ్చుకుంటది, గరుకు గీతలకు, గడ్డికి, బండల మీది చారలకు దీన్ని మించింది లేదు. వేప పుల్ల నమిలినా అట్లనే. సన్న వెదురు పుల్లకు కొస మీద ఉన్ని గానీ పాత గుడ్డ గానీ దారంతో చుట్టి కడితె కలంకారీ కలం తీరు, పిండితె రంగు దిగుతది. స్కెచ్చింగుకు చింత పుల్లలు మట్టి ముంతల పెట్టి మూతి మూసి కాల్చి బొగ్గు చేస్కోండి, దులిపితె పోయే గీత వస్తది. వెంట్రుకల కుంచె కోసం ఉడతల్ని పట్టుడు మాత్రం వద్దు, షాపుల కొన్న కుంచె వాడినా తప్పేం లేదు.

దేని మీద ఏస్తె బాగుంటది? కాగితమా గుడ్డనా గోడనా?

మన్ను రంగులకు మందం కాగితం, లేదంటె గుడ్డ. చేర్యాల పద్ధతిల ఖద్దరు గుడ్డకు సుద్ద మట్టి, బియ్యం గంజి, చింతగింజల అంబలి, బంక నీళ్లు కలిపి పూసి, ఆరినంక మల్ల పూసి, ఇట్ల మూడు నాలుగు పొరలు ఎక్కిస్తరు, అప్పుడు గుడ్డ గట్టిపడి రంగు పీల్చకుండ పైనే నిలుపుతది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలకు వస్తది, మన దిక్కు కాదు, కానీ గుడ్డ తయారుచేసే ఈ పద్ధతి ఎవరైనా నేర్చుకోవాల్సిందే. సుద్ద దొరకకపోతే చాక్‌పీస్ పొడి.

గోడ అయితె లెక్క వేరే. సున్నం గోడ మీద పూల రంగులు, పసుపు ఏం పనికిరావు, సున్నం వాటిని మార్చేస్తది లేదా చంపేస్తది. ఎర్రమన్ను, పసుపు మన్ను, మసి, మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల కాడ దొరికే ఊక బూడిద ఇవే నిలుస్తయి. బూడిదల ఇసుక జాతి సన్నపొడి ఉంటది, పీల్చొద్దు, జల్లెడ పట్టేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకోండి.

నేచురల్ అంటె పిల్లలకు సేఫే కదా?

కాదు, ఇది చాన ముఖ్యం. ఉమ్మెత్త, గన్నేరు విషం. జిల్లేడు పాలు కండ్లల్ల పడితె ప్రమాదం. నల్లజీడి గింజ రసం బట్టల మీద చెరగని గుర్తు పెడ్తదని చాకలోళ్లు వాడేటోళ్లు, కానీ చర్మానికి తగిలితె బొబ్బలు లేస్తయి, పిల్లల చేతికి అస్సలు ఇవ్వకండి. పాత చిత్రకారులు ఎరుపుకు వాడిన ఇంగిలీకంల పాదరసం, పసుపుకు వాడిన హరిదళంల ఆర్సెనిక్ ఉంటయి, పుస్తకాల్ల చదివి వెతుక్కుంట పోకండి. బజార్ల సిందూరంల సీసం ఉండొచ్చు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వద్దే వద్దు. సున్నం పెద్దోళ్లే కలపాలె. రంగులకు వాడిన గిన్నెలు మల్ల వంటింట్లకు తేకండి.

నల్లమల అడవికి పోయి ఆకులు, బంక ఏరుకొచ్చుకోవచ్చా?

వద్దు. నల్లమలల ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ల నుంచి ఏదీ తెచ్చుకోవడానికి లేదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. తపసి బంక లాంటివి ఏరుకొని అమ్ముకొని బతికేది చెంచులు, అది వాళ్ల హక్కు, వాళ్ల ఉపాధి. కావాలంటె వాళ్ల కాడ కొనండి, ధర బేరమాడకండి. మన్ననూరు దిక్కు పోయినప్పుడు బొగ్గు, కాగితం తీస్కపోయి స్కెచ్ ఏసుకొని రండి, రంగులు ఇంటికొచ్చి ఎయ్యండి.

ఏం గీయాలో అర్థం కాదు, ఊటీ, కశ్మీరు లాంటి అందాలు మన దగ్గర లేవు కదా?

ఈ మాట వింటె నాకు బాధయితది. దేవరకొండ దిక్కు, కోయిలకొండ దిక్కు గుట్టల మీద ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండల్ని ఎన్నడన్న గంటసేపు కూర్చొని చూసిండ్రా? పొద్దుగాల ఒక రంగు, మిట్టమధ్యాహ్నం తెల్లగ, పొద్దుగూకేముందు లోపల నుంచి ఎరుపు వస్తది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి 700 ఏండ్ల చెట్టంటరు, దాన్ని మొత్తం గీయాలని చూడకండి, ఒక్క ఊడ మొదలు తీస్కొని దాని బెరడు మడతలు మసితో ఏయండి. సోమశిల కాడ కృష్ణ నీళ్లు ఎనకకు పోయినప్పుడు బయటపడే ఒండ్రు గీతలున్నయి, వాటిని వాటి మన్నుతోనే ఎయ్యొచ్చు. ఎండిన కంది చేను, ఆముదపు ఆకు ఈనెలు, సీతాఫలం పై గడులు, ఇవన్నీ మన రంగులకు సరిపోయే బొమ్మలే. ఎర్రమన్నుతో కశ్మీరు మంచు ఎయ్యాలంటె కష్టం గని మన చల్క ఎయ్యాలంటె రంగు కలపాల్సిన పని గూడ లేదు.

ఏ రంగు ఎన్నాళ్లు ఉంటదో ముందే తెలుస్తదా?

తెలుస్తది. ఒక అట్టముక్క మీద అన్ని రంగులు పట్టీలుగ ఏసి, సగానికి నల్ల కాగితం కట్టి, ఎండ పడే కిటికీల పెట్టండి. మన ఎండాకాలం ఒక్క నెల చాలు, కాగితం తీసి చూస్తె ఏది నిలిచిందో ఏది పోయిందో కనిపిస్తది. అమ్మే ఉద్దేశం ఉన్నోళ్లు ఇది చేయకుండ ఒక్క బొమ్మ గూడ అమ్మొద్దు, కొన్నోళ్ల ఇంట్ల రంగు పోతె సహజ రంగుల మీదనే నమ్మకం పోతది.

బూజు, పురుగు పట్టకుండ?

బంక నీళ్లల్ల నాలుగు లవంగాలు ఏసి పెట్టండి. తయారైన రంగుని తడిగ దాచకండి, గవ్వల్లనో సీసా మూతల్లనో ఎండబెట్టి బిళ్లలు చేస్కోండి, కావాల్నప్పుడు తడి కుంచె రాస్తె వస్తది. బొమ్మల మధ్యల ఎండిన వేపాకు పెట్టండి.

స్కూల్ల ఒక్క పీరియడే ఉంది, 40 మంది పిల్లలు, ఏం చేయించాలె?

ముందురోజు పిల్లలకు చెప్పండి, ఎవరి ఇంటి కాడి మన్ను వాళ్లు ఒక పిడికెడు పొట్లం కట్టి తేవాలని. బంక నీళ్లు మీరు రాత్రే నానబెట్టి పెట్టుకోండి. వడగట్టడానికి టైం ఉండదు కాబట్టి పల్చటి గుడ్డల జల్లించి, బంక నీళ్లు కలిపి, వేళ్లతోనే ఒక పెద్ద చార్టు మీద ఒక్కొక్కరు అరచేయంత పట్టీ ఏసి పక్కన పేరు, ఊరు రాయమనండి. రెండు మూడు ఊర్ల నుంచి వచ్చే పిల్లలున్న బడి అయితె ఇంకా మంచిది, ఏ పట్టీ ఏ దిక్కుదో వాళ్లే కొట్లాడుకుంట చెప్తరు.